గడువు దాటిన మాట

2015 ఫిబ్రవరి బడ్జెట్లో కేంద్ర ప్రభుత్వం ఓ మాట ఇచ్చింది: 2022 కల్లా దేశంలో 175 గిగావాట్ల పునరుత్పాదక విద్యుత్ సామర్థ్యం ఉంటుందని. అందులో సౌరం 100, గాలి 60. సౌరంలోనూ 40 ఇళ్ల, భవనాల కప్పుల మీదే రావాలి. 2022 ముగిసేసరికి మొత్తం తేలింది సుమారు 120. కప్పుల మీద పది కూడా దాటలేదు.

120 చిన్న సంఖ్యేం కాదు. ఏడేళ్లలో దాదాపు మూడింతలు. కాబట్టి నా ఇబ్బంది ఆ తగ్గిన 55 గురించి కాదు. ఎందుకు తగ్గిందో ఎవరూ నిలబడి చెప్పాల్సిన అవసరం రాలేదు, అదీ ఇబ్బంది. గడువు రాకముందే, 2021లో గ్లాస్గోలో, 2030కి 500 గిగావాట్లన్న కొత్త మాట వచ్చింది. ఈసారి లెక్క "శిలాజేతర" సామర్థ్యానిది, అంటే అణువిద్యుత్తు కూడా అందులోకే. అంతకుముందే, 2019 మార్చిలో, పెద్ద జలవిద్యుత్ ప్రాజెక్టులు "పునరుత్పాదక" పద్దులో చేరాయి. దానికి వేరే కారణాలు ఉండొచ్చు. కానీ ఇప్పుడు రెండూ కలిపి చెప్పే అంకె చూసినవాళ్లకి పాత లోటు కనబడదు.

మా వృత్తిలో టెస్ట్ ఫెయిలైతే కోడ్ సరిచేస్తాం. టెస్టునే మార్చాల్సి వస్తే, ఎందుకు మార్చామో రాసిపెడతాం. ఆ రాసిపెట్టడమే నా దృష్టిలో జవాబుదారీతనం. మాట తప్పడం వైఫల్యం, అంతే. కొలబద్ద మార్చి ఊరుకోవడం మాత్రం అన్యాయం, ఎందుకంటే అది అవతలివాడికి అడిగే వీల్లేకుండా చేస్తుంది.

"మన తలసరి ఉద్గారాలు ప్రపంచ సగటులో సగం కూడా లేవు, మనల్నెందుకు అడగాలి?" అంటారు. ధనిక దేశాల ముందు ఇది న్యాయమైన వాదనే. కానీ ఆ మాట ఇచ్చిన 2015లోనే, మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా పోయారు, ఎక్కువమంది ఆంధ్ర, తెలంగాణల్లోనే. కప్పుల మీద సౌర పలకలు పెరిగినంత మాత్రాన ఆ ఎండ తగ్గేది కాదు, నిజమే. అయినా ఎండలో పనికెళ్లే మనిషికి అమెరికాని చూపిస్తే అది జవాబవుతుందా?

బ్రిటన్‌లో 2008 చట్టం ప్రకారం ఓ స్వతంత్ర కమిటీ ఏటా పార్లమెంటుకి పురోగతి నివేదిక ఇస్తుంది. ప్రభుత్వం దానికి సమాధానం ఇచ్చి తీరాలి. 2022లో, మళ్లీ 2024లో, అక్కడి హైకోర్టు ప్రభుత్వ ప్రణాళికలు చట్టానికి తగినట్టు లేవంది. ఎవరూ జైలుకెళ్లలేదు. ప్రణాళిక మళ్లీ రాయాల్సి వచ్చింది, అంతే. శిక్ష లేకపోయినా జవాబు రాబట్టొచ్చన్నమాట.

వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పౌరుల హక్కేనని 2024లో మన సుప్రీంకోర్టూ చెప్పింది. హక్కుందన్నాక లెక్క అడిగే చోటూ ఉండాలి కదా. 2030 ఎంతో దూరం లేదు. ఆ రోజు 500 వచ్చిందా రాలేదా అన్నదానికంటే ముందు, ఏ 500 అని అడగడానికి మనకో చోటు కావాలి.