గది అద్దెలో భోజనం

పుదుచ్చేరి నుంచి కడలూరు రోడ్డు పట్టుకుని దక్షిణంగా వెళ్తే మురుంగపాక్కం. చేతివృత్తుల గ్రామం ఇక్కడే. ఆ పైన అరియాంకుప్పం, అరికమేడు, నోణాంకుప్పం దగ్గర చున్నంబారు పడవల షికారు. సెలవులకు వచ్చిన కుటుంబానికి ఈ దారిలోనే మధ్యాహ్నం అయిపోతుంది. కానీ భోజనానికి హోటల్‌కి తిరిగి పరుగెత్తాలి. గది అద్దెతో పాటే భోజనం డబ్బు ముందే కట్టేశారు కదా!

హోటళ్ల లెక్కలో సీపీ అంటే గదితో పాటు టిఫిన్, ఎంఏపీ అంటే టిఫిన్‌తో పాటు ఒక పూట భోజనం, ఏపీ అంటే మూడు పూటలూ. తినకపోయినా సాధారణంగా ఆ డబ్బు వెనక్కి రాదు.

పన్నూ చూసుకోవాలి. మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటల్ లోపలి రెస్టారెంట్‌లో 18 శాతం. అదే ఇడ్లీ, అదే సాంబారు!

బిల్లులో సర్వీస్ చార్జీ కనిపిస్తే తీసేయమని అడగవచ్చు. అది తప్పనిసరి కాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మాటనే సమర్థించింది.

పసిపిల్లలో, పథ్యం తినే పెద్దవాళ్లో వెంట ఉంటే రాత్రి భోజనం హోటల్‌లోనే సుఖం. మిగతావాళ్లకు పొద్దున టిఫిన్ ఒక్కటి చాలు. మధ్యాహ్నం అరిటాకు భోజనమో, నెహ్రూ వీధిలో ఇండియన్ కాఫీ హౌస్ దోసో ఉండనే ఉన్నాయి. గది బుక్ చేసే ముందు, టిఫిన్ ఒక్కటే ఉన్న ధర ఎంతో అడగండి.