ద్రౌపది క్షమ, అమ్మ ఆకలి

నరసాపురంలో మా అమ్మ లేసు అల్లుతూ భాగవత కథలు చెప్పేది. ఉపపాండవులను చంపిన అశ్వత్థామను చంపాల్సిందే అన్నాడు భీముడు. నాలాగా వాళ్లమ్మ కూడా ఏడవకూడదు, వదిలేయమంది ద్రౌపది. ఎవరిది పెద్ద ధర్మం?

అమెరికా మనస్తత్వవేత్త కోల్‌బర్గ్ మగపిల్లలను పరిశీలించి నైతిక ఎదుగుదలకు మెట్లు కట్టారు. న్యాయసూత్రం పైమెట్టు, ఎదుటివాళ్ల బాధ చూసి తీర్పు చెప్పే ఆడవాళ్లు కిందే ఆగినట్టు లెక్క. ఆయనతో పనిచేసిన కెరోల్ గిల్లిగన్ 1982లో 'ఇన్ ఎ డిఫరెంట్ వాయిస్' రాసి, లోపం ఆడవాళ్లలో లేదు, కొలతలోనే ఉందన్నారు. ద్రౌపది మాటా ధర్మమే.

అలాగని త్యాగమే గొప్పదనలేదావిడ. ఇతరులతో పాటు తననీ చూసుకోవడమే పరిణతి అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. అందరికీ పెట్టాక మిగిలింది తినే అమ్మను "నువ్వు తిన్నావా?" అని మేమెప్పుడూ అడగలేదు. ఈరోజు మీరు అడగండి.