కొంచెం ఎడమకి లాగుతుంది

మా కారు కొంచెం ఎడమకి లాగుతుంది. ఈ సంగతి నాకు తెలియక కాదు. ఏ రోజుకారోజు “కొంచెమేగా” అనుకోవడంతో అది లోపమన్న స్పృహే పోయింది. పొద్దున్నే పాలు కాచడం, కుక్కరు విజిల్స్ లెక్కపెట్టడం లాగే స్టీరింగుని వీసమెత్తు కుడివైపుకి బిగించి పట్టుకోవడం కూడా నా దినచర్యలో కలిసిపోయింది.

సంక్రాంతికి పిల్లలొచ్చారు. అందరం కలిసి రాజమండ్రి నించి అమలాపురం దగ్గరున్న మా పుట్టింటికి వెళ్లాం. వెళ్లేటప్పుడు నేను నడిపాను. తిరిగొచ్చేటప్పుడు మా కోడలు “నేను నడుపుతా అత్తయ్యా” అని తాళాలు తీసుకుంది. రావులపాలెం దగ్గర హైవే ఎక్కామో లేదో, “ఇదేమిటత్తయ్యా, బండి పక్కకి పోతోంది! ఇన్నాళ్లూ ఎలా నడిపారు?” అంది.

“కాస్త కుడివైపుకి పట్టుకోమ్మా, సర్దుకుంటుంది” అన్నాను.

అంతటితో ఊరుకున్నానా? “రోడ్డే ఎడమకి వాలుగా ఉంటుంది మరి” అని శాస్త్రం కూడా చెప్పాను. అది అబద్ధమేం కాదు. వాననీళ్లు నిలవకుండా రోడ్డుని అంచులకి వాలుగా వేస్తారు. మనం ఎడమపక్కన నడుపుతాం కాబట్టి ఏ బండైనా కాస్త అటు జారుతుంది. నిజమైన సాకు కాబట్టే నాకది రెండేళ్లపాటు పనికొచ్చింది.

వెనక సీట్లో మా అమ్మ ఇచ్చిన నేతి డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మావాడికి హుషారొచ్చింది. వాడికి చిన్నప్పట్నించీ కార్ల పిచ్చి. “మొత్తం మార్పించేద్దామమ్మా! పొట్టి స్ప్రింగులు, గట్టి షాకబ్జార్బర్లు వేయిస్తే బండి నేలకి అతుక్కుని పోతుంది. మలుపుల్లో ఇంత కూడా ఒరగదు” అన్నాడు.

“ఎంతవుతుంది?” అన్నారు మావారు. ఆయన ప్రశ్నలన్నీ అక్కడే మొదలై అక్కడే ఆగుతాయి.

మర్నాడు షెడ్డుకి తీసుకెళ్లాం. మేస్త్రీ బండిని పైకెత్తి, కుడివైపు ముందు చక్రం ఊడదీసి నా ముందు పెట్టాడు. “చెయ్యి పెట్టి చూడండమ్మా” అన్నాడు. బయటి అంచున గాడులు నిక్షేపంగా ఉన్నాయి. లోపలి అంచు మాత్రం మా ఇంట్లో పాత సన్నెకల్లులా నున్నగా అరిగిపోయింది. ఇంకొన్నాళ్లు ఆగితే లోపలి తీగలు బయటపడేవట. రోజూ కారు తుడిచేదాన్ని నేనే. నాకెప్పుడూ ఆ వైపు కనిపించలేదు. అటు కనిపించదు కూడా.

రెండేళ్ల కిందట ఒక వానరాత్రి ఆ చక్రం గోతిలో దబ్బున పడింది. బండి ఆగలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు, దేవుడికి దణ్ణం పెట్టుకుని ఇంటికొచ్చేశాం. ఆ దెబ్బకి చక్రాన్ని మోసే స్తంభం లాంటి భాగం కొద్దిగా వంగి, చక్రం పైభాగం లోపలికి ఒరిగిందట. అందుకే బండి ఎడమకి లాగుతోంది, అందుకే టైరు లోపలివైపు అరుగుతోంది.

“స్ప్రింగులు మార్చే సంగతేమిటి?” అన్నాడు మావాడు.

“ముందు వంగింది మార్చాలి బాబూ. వంకరని అలాగే ఉంచి ఎంత ఖరీదైన స్ప్రింగు వేసినా బండి వంకరగానే పోతుంది. కాకపోతే ఇంకాస్త జోరుగా పోతుంది” అన్నాడు మేస్త్రీ.

నేనక్కడ ప్లాస్టిక్ కుర్చీలో రెండు గంటలు కూర్చున్నాను. తోచక మావాణ్ణి అడిగి కొంత తెలుసుకున్నాను. స్ప్రింగు పని లొంగడం. గుంట వస్తే నొక్కుకుంటుంది, దాటగానే తన చోటికి తను వచ్చేస్తుంది. ఒక్క స్ప్రింగే ఉంటే గుంట దాటాక కూడా బండి ఊగుతూనే ఉంటుంది కాబట్టి దానికి తోడు షాకబ్జార్బరు ఉంటుంది. అందులో నూనె, ఆ నూనెలో సన్న రంధ్రాలున్న పిస్టను. నూనె ఆ రంధ్రాల్లోంచి కష్టపడి దూరుతుంటే ఊపంతా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది.

“మరి గట్టి స్ప్రింగులు మంచివేనా?” అన్నాను. వాడు నిజాయితీపరుడే పాపం, తన వాదానికి ఎదురైన కథ తనే చెప్పాడు. ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీవాళ్లు రైతుల కోసం ఒక చిన్న కారు చేశారట. దున్నిన పొలంలో కోడిగుడ్ల బుట్టతో వెళ్లినా ఒక్క గుడ్డు పగలకూడదని దానికి పెట్టిన షరతు. 1948లో పారిస్ ప్రదర్శనలో పెట్టారు. అది మలుపుల్లో పడవలా ఒరిగిపోతుంది, అయినా చక్రాలు నేలని వదలవు. మరీ గట్టి స్ప్రింగులు నున్నటి పందెం బాటమీద బాగుంటాయి గానీ గతుకుల రోడ్డుమీద చక్రం ఎగిరెగిరి పడుతుంది. గాలిలో ఉన్న చక్రానికి బ్రేకు పట్టదు, స్టీరింగు మాట వినదు.

నా ఆలోచన కారుని వదిలి ఇంట్లోకి వచ్చింది ఇక్కడే.

“సర్దుకుపోవాలమ్మా” అన్న మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల మనలో ఎవరైనా ఉన్నారా? ఇప్పటి పిల్లలు కొందరు “మేమెందుకు సర్దుకుపోవాలి?” అంటారు. నాకు రెండూ పూర్తిగా నచ్చవు. అసలు లొంగనివాళ్లు గతుకు గతుక్కీ ఎగిరిపడి మనుషులతో తెగిపోవడం చూశాను. నేనూ లొంగాను. అత్తగారి విసుర్లకి, ఆడపడుచుల ఎత్తిపొడుపులకి ఎన్నిసార్లు లొంగానో! మర్నాటికి నా చోటికి నేను వచ్చేశాను. అవి నన్నేమీ అరగదియ్యలేదు.

ఒక్కటి మాత్రం అలా కాలేదు. పిల్లాడు పుట్టాక బడిలో టీచరుద్యోగం మానేశాను. “మళ్లీ చేరొచ్చులే” అన్నారు మావారు. నేనూ అదే అనుకున్నాను. మళ్లీ చేరలేదు. “ఆవిడకి ఇల్లంటేనే ఇష్టం” అని నలుగురూ అంటే నేనూ తల ఊపాను. ఇల్లంటే నాకిష్టమే. ఆ రోడ్డు వాలు లాగే అదీ నిజమే. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు, నాకూ రాలేదు.

లొంగి మళ్లీ తన చోటికి రావడం ఓర్పు. వంగినచోటే ఉండిపోయి, పక్కవాళ్లకి తెలియకుండా లోపల్లోపల అరిగిపోవడాన్ని కూడా మనం ఓర్పనే పిలుస్తున్నాం. చూడ్డానికి రెండూ ఒకటే. చెయ్యి పెట్టి చూస్తే గానీ తేడా తెలియదు.

ఈలోగా కొత్త భాగం బిగించి అలైన్‌మెంటు మొదలుపెట్టారు. చెడింది ఒక్క చక్రమే కదా, నాలుగింటికీ పలకలు తగిలించి కొలుస్తారెందుకని అడిగాను. “ఒక్క చక్రాన్ని చూసి అది తిన్నగా ఉందో లేదో చెప్పలేమమ్మా. మిగతావాటి పక్కన పెట్టి చూడాలి” అన్నాడు మేస్త్రీ.

ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. మా కోడలికి బ్యాంకులో ప్రమోషను వచ్చింది. తీసుకుంటే రెండేళ్లు పూణేలో చెయ్యాలి. దీపావళికి ఫోనులో చెప్పినప్పుడు “రెండేళ్లంటే కష్టం కదమ్మా, ఈసారికి సర్దుకుపో” అన్నాను. మంచి మాటే చెప్పాననుకున్నాను. మావాడి ఉద్యోగం ఏ ఊళ్లో ఉంటే ఏమిటని ఆ రోజు ఎవరం అడగలేదు.

ఇంటికి బయల్దేరాం. స్టీరింగు నేనే పట్టుకున్నాను. షెడ్డు దాటగానే బండి కుడివైపుకి పోయి ఎదురుగా వస్తున్న ఆటోకి అడ్డం వెళ్లబోయింది. “అమ్మా!” అని అరిచాడు మావాడు. బండి తిన్నగానే ఉంది. అలవాటు పడిన నా చెయ్యే కుడికి లాగింది.

ఆ రాత్రి గిన్నెలు సర్దుతున్న కోడలితో “ఆ పూణే సంగతి ఏం చేశావమ్మా?” అన్నాను.

“ఒద్దని రాసిచ్చేశానత్తయ్యా. మళ్లీ ఏడాది వస్తుందిగా. నాకు కొంచెమే అనిపించింది, ఇప్పుడేం లేదు” అని నవ్వింది.

ఆ నవ్వు నాకు తెలుసు. ముప్ఫయ్యేళ్ల కిందట నేనూ అలాగే నవ్వాను.

మావారూ మావాడూ హాల్లో క్రికెట్ చూస్తున్నారు. టీవీ కట్టెయ్యమన్నాను. “ఏమైందోయ్?” అన్నారు మావారు. “కూర్చోండి, నలుగురం మాట్లాడుకోవాలి” అన్నాను. పన్నెండు దాకా మాట్లాడుకున్నాం. ఏదీ తేలలేదు. కానీ మర్నాడు పొద్దున్న మావాడు కాఫీ తాగుతూ, ఎవరూ అడక్కుండానే, “పూణేలో మా కంపెనీ ఆఫీసు ఉందనుకుంటా, కనుక్కుంటాను” అన్నాడు.