ఆ పేరుతో ఫైలు ఉంది!

సంక్రాంతి వెళ్ళిన వారానికి నా లాప్‌టాప్ ఉన్నట్టుండి కళ్ళు మూసింది. లోపల సగానికి పైగా రాసిన నవల! "కంగారు పడకమ్మా, బ్యాకప్ ఉందిగా" అన్నాడు మా అబ్బాయి.

నిజమే. రాత్రిపూట దానంతటదే నకలు తీసి పెట్టే ఏర్పాటు వాడే చేశాడు. బల్ల మీద చిన్న డిస్కు పచ్చదీపం వెలిగించుకుని కాపలా కాస్తుంటే నేను నిశ్చింతగా నిద్రపోయేదాన్ని. తీరా తెరిచి చూస్తే, అది అక్టోబరులోనే నిండిపోయిందట. చోటు లేదని ఏ మూలో చిన్న అక్షరాలతో కబురు పెట్టి, నకలు తీయడం మానేసిందట. దీపం మాత్రం ఆరలేదు! కొందరి పూజలూ ఇంతేననుకోండి.

బ్యాకప్ అంటే పోయినదాన్ని తెచ్చిచ్చేది కాదు, ఆఖరిసారి దాచినదాన్ని తెచ్చిచ్చేది. ఆ తేడా నాకు అప్పుడు తెలిసింది.

నా నవలలో ఒక అత్తగారుంది. అక్టోబరుదాకా ఆవిడ మీద నాకు పట్టరాని కోపం. రాయగా రాయగా, ఆవిడా ఒకప్పుడు పదహారేళ్ళ కోడలేనని తట్టి, మూడు అధ్యాయాలు మార్చాను. ఆ మార్పంతా పోయింది. కోపం మాత్రం భద్రంగా ఉంది.

ఆ పాతవైనా కొత్త లాప్‌టాప్‌లోకి దించడానికి మావాడికి ఆదివారందాకా తీరిక లేదు. ఈలోగా గుర్తున్నంత మేరకు ఆ మూడూ మళ్ళీ రాశాను. ఆదివారం తెర మీద ప్రశ్న వచ్చింది: "ఈ పేరుతో ఫైలు ఇప్పటికే ఉంది. దాని స్థానంలో పాతది పెట్టమంటారా?"

నా చెయ్యి ఆగిపోయింది. మనసూ ఇలాంటిదే కదా! పెళ్ళైన కొత్తలో మా అత్తగారన్న ఒక మాట, ఇరవై రెండేళ్ళయినా అక్షరం పొల్లుపోకుండా నా దగ్గరుంది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పన్నెండు రాత్రులు ఆవిడ నా మంచం పక్కనే కూర్చున్నారు. ఆ రాత్రుల ముక్క ఒక్కటీ గుర్తులేదు. డిస్కు నిండిపోయాక వచ్చిన మంచితనాన్ని ఎక్కడ దాస్తాం?

1998లో అమెరికాలోని పిక్సార్ స్టూడియోలో 'టాయ్ స్టోరీ 2' బొమ్మల సినిమా ఫైళ్ళు ఒక పొరపాటు ఆదేశంతో చాలామటుకు చెరిగిపోయాయి. చూస్తే బ్యాకప్ కూడా సరిగా పనిచెయ్యడం లేదు. గాలిన్ సుస్మన్ అనే సాంకేతిక దర్శకురాలు పసిబిడ్డ కోసం ఇంటినుంచి పనిచేస్తుండడంతో, ఆవిడ ఇంట్లో ఒక నకలు దొరికింది. ఆ కంప్యూటరును దుప్పట్లు చుట్టి కారులో తెచ్చుకున్నారు. చిత్రమేమిటంటే, అంత అపురూపంగా తెచ్చుకున్న కథ తరవాత వాళ్ళకే నచ్చక, చాలావరకు మార్చి తీశారు. 1999లో జనం చూసింది ఆ మారిన సినిమానే.

మరి ఆ నకలు వృథాయేనా? కాదనే అంటాను. పోగొట్టుకోవడం వేరు, చూసి వదులుకోవడం వేరు. మొదటిది ప్రమాదం. రెండోది మన నిర్ణయం.

అందుకే రెండూ ఉంచమన్నాను. కోపానికి 'పాతది' అని పేరు పెట్టి పక్కన దాచాను. నవలలోకి వెళ్ళేది మాత్రం కొత్తదే, అతుకులు కనిపించినా సరే.

ఆ సాయంత్రం అడిగాను. "అత్తయ్యా, నా టైఫాయిడప్పుడు రాత్రిళ్ళు మనం ఏం మాట్లాడుకునేవాళ్ళం?"

ఆవిడ నవ్వారు. "మాటలెక్కడివే! నువ్వు మూలుగుతుంటే నీ అరికాళ్ళు రాస్తూ కూర్చునేదాన్ని."

నా దగ్గర లేని నకలు ఇన్నాళ్ళూ ఆవిడ దగ్గరే ఉంది.