ఆట ముగిసిన తరువాత వ్రాయు లెక్క



బాస్కెట్ బాలు ఆటను మనలో కొందరు బోర్డింగు పాఠశాలల మైదానములలో చూచియుందురు. చూడనివారికొరకు రెండు మాటలలో చెప్పెదను. ఒక్కొక్క పక్షమున ఐదుగురు ఆడుదురు. నేలనుండి పది అడుగుల ఎత్తున బిగించిన ఇనుప వలయములో బంతిని వేయవలెను. ఎదుటివారు వేయకుండ అడ్డగింపవలెను. అమెరికా దేశములో ఈ ఆటయే జీవనోపాధిగా గలవారు వందలమంది కలరు. వారి ఆట ముగిసిన రాత్రియే, జనులు ఇంకను మెట్లు దిగుచుండగానే, ఒక లెక్క కాగితము సిద్ధమగును. దానిలో ఒక్కొక్క ఆటగాని పేరెదుట అంకెలు వరుసగా నుండును. అతడు ఎన్ని నిమిషములు ఆడెను, ఎన్నిసార్లు బంతి విసరెను, ఎన్ని పడినవి, గురితప్పి వెనుకకు వచ్చిన బంతులను ఎన్ని పట్టెను, తోటివానికి ఎన్నిసార్లు అందించెను అనునవన్నియు అందులో నుండును. తెల్లవారకముందే, వీడు గెలిపించెననియు వాడు ముంచెననియు తీర్పులు ఊరంతట వినబడును.

ఒక మనుష్యుడు చేసిన పనిని ఇట్లు కొలుచుట న్యాయమా? న్యాయమైనచో, ఆ కొలత యెంతవరకు నమ్మదగినది? ఈ ప్రశ్న ఆటగాండ్రకు మాత్రమే చెందినది కాదు. కోతలు ముగిసిన సాయంకాలము కళ్లములో కూర్చుండి, ఎవరు బాగుగా పనిచేసిరి, ఎవరు చేయలేదు అని మనమును మాటలాడుకొందుము. పరీక్షల ఫలితములు వచ్చిన దినమున తండ్రి కుమారునిగూర్చియు, సంవత్సరాంతమున సంఘపెద్దలు ఉపాధ్యాయునిగూర్చియు ఈ పనియే చేయుదురు. అయితే ఆ ఆటలో కొలత బహిరంగముగా, అంకెలతో జరుగును గనుక, తీర్పులోని మేలును కీడును మనకు అక్కడ స్పష్టముగా కనబడును.

మొదట లెక్కయొక్క మేలును చెప్పవలెను. లెక్కలే వద్దనువారు కొందరు కలరు. వారు దయగలవారివలె కనబడుదురు గాని, లెక్క లేనిచోట పక్షపాతము రాజ్యమేలునని మరతురు. లెక్క లేనియెడల కేకలు వేయించుకొనువాడును, యజమానికి ఇష్టుడును, అందగాడును గొప్పవాడని పిలువబడును. మౌనముగా ఇరువదిసార్లు బంతినందించిన వాని పేరు ఎవ్వరికిని జ్ఞాపకముండదు. మన జ్ఞాపకశక్తి నమ్మదగిన సాక్షి కాదు. అది మనకు ఇష్టమైనదానినే దాచుకొనును. కాగితముమీది అంకెకు బంధువులు లేరు. గనుక అంకె బలహీనునికి ఒక కాపుదల. దీనిని తృణీకరింపరాదు.

అయినను ఆ అంకె ఏమి చెప్పునో, ఏమి చెప్పలేదో తెలిసికొనవలెను. 1962 మార్చి 2వ తేదీన పెన్సిల్వేనియాలోని హెర్షీ అను చిన్న పట్టణములో, ఫిలడెల్ఫియా వారియర్స్ పక్షమునకు చెందిన విల్ట్ చాంబర్లెయిన్ ఒక్క ఆటలో 100 పాయింట్లు చేసెను. వారియర్స్‌కు 169, న్యూయార్కు వారికి 147 వచ్చినవి. ఆ నూరును లోకము మరువలేదు. అయితే ఆ రాత్రియే గై రాడ్జర్స్ అను తోటి ఆటగాడు, తానందించిన బంతి తోటివారిచేత వలయములో పడునట్లు 20 సార్లు చేసెను. ఆ ఇరువది కూడ కాగితముమీద ఉన్నది. దానిని చదువువారే తక్కువ.

మరియొక సంగతి గమనింపుడి. ఆ ఆట చివరి భాగములో గెలుపు ఓటములు దాదాపు తేలిపోయినవి. అప్పుడు వారియర్స్ ఆట గెలుచుటకొరకు గాక నూరు అను అంకెకొరకు ఆడిరి. బంతి తమ చేతికి త్వరగా మరల వచ్చుటకై ఎదుటివారిమీద బుద్ధిపూర్వకముగా తప్పులు చేసిరి. న్యూయార్కు వారును చాంబర్లెయిన్ చేతికి బంతి పోకుండ ఇతరులమీద తప్పులు చేసిరి. ఇందులో మనకొక పాఠము కలదు. కొలుచుటకు పెట్టిన గుర్తునే గురిగా చేసికొన్నయెడల, పనియే తన రూపమును మార్చుకొనును. మార్కులకొరకే చదువు బాలుడును, ఈవులలో తన పేరు చదువబడుటకొరకే ఇచ్చు ధనికుడును ఈ సంగతిని మనకు ఎదుటనే చూపుచున్నారు.

ఆ యేటి ఆటలన్నిటిలో చాంబర్లెయిన్ ఆటకు సగటున 50.4 పాయింట్లు చేసెను. అట్టిది అంతకుముందు లేదు, ఆ తరువాతను లేదు. అయినను ఆ సంవత్సరము అందరికంటె విలువైన ఆటగాడు ఎవరని అడిగినప్పుడు, బోస్టన్ పక్షపు బిల్ రస్సెల్ పేరు వచ్చెను. అతని సగటు 18.9 మాత్రమే. ఆ దినములలో ఈ నిర్ణయము చేసినవారు పత్రికలవారు కారు, ఆటగాండ్రే. అనగా, ఆ ఇద్దరికిని ఎదురు నిలిచి, వారి మోచేతుల దెబ్బలు తిని, వారి నీడలో బంతి విసరినవారు ఆ తీర్పు చెప్పిరి.

వారు చూచినదేమి? రస్సెల్ ఎదుటివారు విసరిన బంతిని గాలిలోనే అడ్డగించెడివాడు. దానిని జనులలోనికి కొట్టివేయక, తనవారి చేతికి చేరునట్లు మెల్లగా తట్టెడివాడు. అతడు అక్కడ నిలిచియున్నాడన్న భయముచేత ఎదుటివారు విసరక మానిన బంతులు ఎన్నో! విసరని బంతిని ఏ లెక్కలో వ్రాయుదురు? అడ్డగించిన బంతులనైనను ఆ దినములలో లెక్కించలేదు. ఆ సంఘటనవారు వాటిని అధికారికముగా లెక్కించుట 1973-74 ఆటలనుండి ఆరంభించిరి. రస్సెల్ 1969లోనే ఆట విడిచెను. పదమూడు సంవత్సరములలో పదకొండుసార్లు అతని పక్షము విజేత ఆయెను. అతడు ఆ యేండ్లలో చేసిన శ్రేష్ఠమైన పనికి మాత్రము అంకె లేదు. లెక్కలో లేనిది లేదనుకొనుట ఎంత పొరపాటో దీనివలన తెలియుచున్నది.

ఇక మూడవ మనుష్యునిగూర్చి చెప్పెదను. నా మనస్సును ఎక్కువగా తాకినవాడు ఇతడే. అతని పేరు ఫ్రాంక్ సెల్వీ. 1962 ఏప్రిల్ 18న బోస్టన్‌కును లాస్ ఏంజెలెస్‌కును కడపటి ఆట జరిగెను. గెలిచినవారే ఆ యేటికి విజేతలు. చివరి నిమిషములో లాస్ ఏంజెలెస్ వారు నాలుగు పాయింట్లు వెనుకబడియుండగా, సెల్వీ వరుసగా రెండుసార్లు బంతి వేసి 100కు 100గా సమము చేసెను. మరల కొద్ది క్షణములలో బంతి అతని చేతికే వచ్చెను. అతడు విసరెను. బంతి వలయమునకు తగిలి వెలుపల పడెను. తరువాత ఇచ్చిన అదనపు సమయములో బోస్టన్ 110కి 107గా గెలిచెను.

సెల్వీ అనగానే ఆ తప్పిపోయిన బంతి కథనే అనేకులు చెప్పుదురు. అతడు లేనిచో ఆట సమమే అయియుండదని చెప్పువారు కొద్దిమంది. ఇంకొక సంగతి వినుడి. 1954 ఫిబ్రవరి 13న, ఫర్మన్ కళాశాల పక్షమున ఆడుచు, ఈ సెల్వీయే ఒక్క ఆటలో 100 పాయింట్లు చేసెను. ఆ నూరవది పూర్తియైనది ఆట ముగియు క్షణమున దూరమునుండి విసరిన బంతితోనే. కడపటి క్షణమున ఒకనాడు పడినది, ఒకనాడు పడలేదు. విసరిన చేయి అదే. ఆ మొదటి రాత్రి అతడు దేవదూత కాడు. ఈ రెండవ రాత్రి అతడు ద్రోహి కాడు. మనమైతే చివర చూచినదానినే మనుష్యునికి పేరుగా పెట్టుదుము.

ఇప్పటి దినములలో లెక్కలు బహుగా పెరిగినవి. ఒకడు మైదానములో నున్నంతసేపు తన పక్షము ఎన్ని పాయింట్లు ముందుకు పోయెను, ఎన్ని వెనుకకు పోయెను అని లెక్కించు పద్ధతి వచ్చినది. 2013-14 ఆటలనాటికి ఆ సంఘటనవారి ఆటశాలలన్నిటిలోను పైకప్పుననుండి కెమెరాలు ప్రతివాని ప్రతి అడుగును పట్టుచుండెను. ఇందువలన మేలు కలిగినది. హ్యూస్టన్ పక్షములో షేన్ బాటియే అను నొకడుండెను. పాత కాగితము చూచిన అతడు సామాన్యుడు. అయితే అతడు మైదానములో నున్నప్పుడు తోటివారందరు మెరుగుగా ఆడుచుండిరి. అతడు కాపలా కాసిన గొప్ప ఆటగాడు తడబడుచుండెను. అతనిగూర్చి మైకేల్ లూయిస్ అను రచయిత 2009లో వ్రాసిన వ్యాసమువలన ఈ సంగతి అనేకులకు తెలిసెను. మంచి కొలత దాగియున్న మేలును వెలికి తీయగలదు. అయినను ఈ కొత్త లెక్కకును లోపము కలదు. బలవంతులతో కలిసి ఆడిన దుర్బలుడు అందులో గొప్పగా కనబడును; దుర్బలులతో కలిసి ఆడిన బలవంతుడు చిన్నబోవును. ఐదుగురు కలిసి మోసిన బరువును ఐదు ముక్కలుగా కోసి తూచుట ఏ త్రాసుకును పూర్తిగా సాధ్యము కాదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. బోర్డింగులో చదువు దినములలో నేను ఆడువాడను కాను, లెక్క పుస్తకము వ్రాయువాడను. ఒక పోటీలో మా పాఠశాల ఒక్క పాయింటుతో ఓడిపోయెను. మా పక్షములో ఒక బాలుడు చివరిలో రెండు ఉచితపు విసురులను తప్పెను. ఆ రాత్రి భోజనపు సాలలో, అందరు వినుచుండగా, నేను పుస్తకము తెరచి అతని పేరెదుట వ్రాసినది గట్టిగా చదివితిని. అందరు నవ్విరి. అతడు కంచము ముందునుండి లేచిపోయెను.

మరునాడు మా ఉపాధ్యాయులు నన్ను పిలిచి ఇట్లనిరి: “నీవు వ్రాసినది తప్పు కాదు అబ్బాయీ. నీవు చదివినది తప్పు. వాళ్ళలో అందరికంటె పొడుగువాడిని ఆట అంతా ఎవడు కాచినాడు? అది నీ పుస్తకములో ఎక్కడ వ్రాసినావు?” నేను మాటలాడలేదు. ఆ బాలుడు మరల మైదానమునకు రాలేదు. ఆ యేడు గడచిన తరువాత పాఠశాలకును రాలేదు. అతనిని క్షమింపుమని అడుగవలెనని అనుకొంటిని, రేపు రేపని జరిపితిని. ఆ రేపు రాలేదు. నేను వ్రాసిన అంకెలో అబద్ధము లేదు. అయినను దానితో నేను చేసిన పని న్యాయము కాదు.

అయినచో అసలు తీర్పే వద్దందుమా? వద్దు. తప్పిన దానిని తప్పినదని చెప్పని శిక్షకుడు ప్రేమగలవాడు కాడు, అతడు సోమరి. చెప్పనియెడల ఆ బాలుడు రేపు మరల తప్పును. గనుక తీర్పు చెప్పవలెను, అయితే చెప్పు విధమును నేర్చుకొనవలెను. మొదట, వానికి అప్పగించిన పని యేదో తెలిసికొనవలెను. కాపలా కాయుమని నిలిపినవానిని, ఎన్ని వేసితివని అడుగరాదు. రెండవది, ప్రక్కన నిలిచి పనిచేసినవారిని అడుగవలెను. దూరపు మెట్లమీద కూర్చుండినవారికి తెలియనిది వారికి తెలియును. మూడవది, చివరి క్షణమును మాత్రమే గాక మొదటినుండి జరిగినదంతయు చూడవలెను. నాలుగవది, మెప్పును నలుగురిలో చెప్పి, లోపమును ఒంటరిగా చెప్పవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, మనము తూచునది ఒక దినపు పనినే గాని మనుష్యుని కాదని ఎరుగవలెను. “నీవు నేడు రెండు తప్పితివి” అను మాటలో రేపు ఉన్నది. “నీవు పనికిరానివాడవు” అను మాటలో రేపు లేదు.

ఈ ఆటను కనుగొనినవాని సంగతితో ముగించెదను. జేమ్స్ నెయిస్మిత్ కెనడాలో పుట్టి, మాంట్రియల్‌లో దైవశాస్త్రము చదివి, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణపు వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో వ్యాయామము నేర్పుచుండెను. 1891 డిసెంబరులో, చలికాలమున లోపల ఆడుకొనుటకై, పీచు పండ్ల బుట్టలు రెండు తగిలించి, పదమూడు నియమములు వ్రాసి, పద్దెనిమిది మందిచేత ఈ ఆట ఆడించెను. వై.ఎం.సి.ఏ. వారే దానిని దేశదేశములకు కొనిపోయిరి. మన దక్షిణ దేశములో, 1920లో మద్రాసునందు హారీ బక్ గారు స్థాపించిన వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలయు ఆ పని సాగించినదే.

తరువాత నెయిస్మిత్ కాన్సస్ విశ్వవిద్యాలయములో ఆ ఆటకు శిక్షకుడాయెను. అతని లెక్క యిది: గెలిచినవి 55, ఓడినవి 60. తాను కనుగొనిన ఆటలోనే అతడు గెలిచినదానికంటె ఎక్కువగా ఓడెను. ఆ కాగితమునే చూచువాడు, ఇతనికి ఈ ఆట రాదనును. ఆ కాగితములో అబద్ధమును లేదు. అయితే నేడు ఏ ఊరి పాఠశాలలోనైనను ఇనుప వలయము క్రింద బాలురు బంతితో ఎగురుచున్నప్పుడు, వారి సంతోషము ఆ యాబదియైదులో చేరునా, ఆ అరువదిలో చేరునా?

ప్రియ చదువరీ, నీ చేతిలోను ఏదో ఒక లెక్క పుస్తకము ఉన్నది. భార్యగూర్చియో, కుమారునిగూర్చియో, పాలికాపుగూర్చియో నీవు దానిలో దినదినము వ్రాయుచున్నావు. నిజమే వ్రాయుము. అయితే పైకి చదువుటకు ముందు, ఆట అంతయు పొడుగువానిని కాచిన చేతులు ఎవరివో ఒకసారి అడిగి తెలిసికొనుము.