గంధం వస్తువు గుణమేనా?

17వ శతాబ్దికి చెందిన ఆంధ్ర నైయాయికుడు, అంటే న్యాయదర్శన పండితుడు, అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో గంధాన్ని పృథివికి లక్షణంగా, అంటే తక్కిన ద్రవ్యాల నుంచి దానిని వేరుచేసే గుర్తుగా చెప్పి, అది సురభి, అసురభి, అంటే సువాసన, దుర్వాసన, అని రెండు విధాలన్నాడు. నీటికి వాసన ఉన్నట్టు తోస్తే అది అందులో కలిసిన పార్థివాంశానిదేననీ, వాసన లేదనిపించే రాయిని కాల్చితే దాని భస్మంలో అది బయటపడుతుందనీ నైయాయికులు సమాధానపడ్డారు.

ఘ్రాణేంద్రియం ప్రాప్యకారి, అంటే విషయాన్ని తాకి గాని గ్రహించలేనిది, అన్న వారి మాట మాత్రం నేటికీ చెక్కుచెదరలేదు. మల్లెపూవు నుంచి లేచిన అణువులు ముక్కు లోపలి తడిపొరలో కరిగి, నాడీకణాల గ్రాహకాలకు, అంటే అణువును పట్టుకునే ప్రోటీన్లకు, అంటుకుంటేనే వాసన తెలుస్తుంది. ఆ గ్రాహకాల జన్యువులను లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో వెల్లడించారు. మనిషిలో పనిచేసేవి సుమారు 400 రకాలు. ఒక్కో అణువు వాటిలో కొన్నింటిని హెచ్చుతగ్గులుగా కదిలిస్తే, ఆ కూర్పునే మెదడు ఫలానా వాసనగా పోల్చుకుంటుంది.

చిక్కంతా సురభి, అసురభి విభాగంతోనే వస్తుంది. మల్లెలోని ఇండోల్ కొద్దిగా ఉంటే పరిమళానికి తోడ్పడుతుంది, గాఢమైతే మలం కంపు కొడుతుంది. ఆండ్రోస్టెనోన్ అనే పదార్థం ఒకరికి మూత్రపు కంపుగా, మరొకరికి తియ్యని వాసనగా తోస్తుంది, ఇంకొకరికి అసలు తెలియనే తెలియదు, ఈ తేడాలో గ్రాహకపు జన్యుభేదానికి పాత్ర ఉంది. కామెర్ల రోగికి శంఖం పచ్చగా కనబడినట్టు ఇదీ ఇంద్రియదోషమేనని నైయాయికుడు అనవచ్చు గాని, ఈ ముగ్గురిలో ఎవరి ముక్కు నిర్దోషమో తేల్చే కొలబద్ద లేనందువల్ల ఆ సమాధానం నిలవదు.

ఫెరోమోన్లు, అంటే ఒకే జాతి ప్రాణుల ప్రవర్తననో శరీరస్థితినో మార్చే రసాయన సంకేతాలు, మరింత కఠినమైన ప్రశ్నను లేవదీస్తాయి. ఆసియా మగ ఏనుగు ఆడ ఏనుగు మూత్రానికి తొండం కొనను అద్ది, దానిని తన అంగిలిలోని రంధ్రాలకు తాకిస్తుంది. అక్కడి నుంచి జేకబ్సన్ అవయవానికి, అంటే ఇలాంటి సంకేతాలను పసిగట్టే ఇంద్రియానికి, చేరిన సంకేతం ఉద్వేగాలనూ హార్మోన్లనూ నడిపే మెదడు భాగాలకు పోతుంది. ఆ మూత్రంలో 1996లో గుర్తించిన ఫెరోమోన్‌నే అనేక జాతుల ఆడ చిమ్మటలు కూడా మగవాటిని పిలవడానికి వాడుతాయన్నది విడ్డూరమే. మరి ఏనుగుకు కలిగినది జ్ఞానమా? కాదందామంటే, నిద్రలో ఊపిరి ఆడడానికి వైశేషిక భాష్యకారుడు ప్రశస్తపాదుడు చెప్పిన జీవనపూర్వక ప్రయత్నం, అంటే ఇచ్ఛాద్వేషాలతో పనిలేకుండా ప్రాణమే చేయించే ప్రయత్నం, ఇక్కడ చాలదు, ఎందుకంటే ఏనుగు ఏ ఆడదాని వెంట పోవాలో ఎంచుకునే కదులుతుంది. ఇది ఇలాంటిదన్న విశేషం తోచని నిర్వికల్పక జ్ఞానమే దీనికి దగ్గర. అయితే నిర్వికల్పకం నేరుగా ప్రవృత్తిని పుట్టించదని న్యాయమతం, ఆ నియమాన్ని సడలించనిదే ఏనుగు నడకను అది వివరించలేదు.