ముప్పై దాటాక డాక్టరు చదువు

ఎం.బి.బి.ఎస్. ప్రవేశానికున్న గరిష్ఠ వయోపరిమితిని 2022లో తొలగించారు. ముప్పై దాటిన నర్సమ్మ కూడా ఇప్పుడు నీట్ రాయవచ్చు. 'కుర్రవాళ్లకు దక్కాల్సిన సీటు కదా, ఈమె ఎన్నేళ్లు వైద్యం చేస్తుంది?' అంటారు కొందరు. అది సంతలో ఎద్దు పళ్లు చూసే లెక్క. దైవశాస్త్ర పండితుడు ఆల్బర్ట్ ష్వైట్జర్ 1905లో, ముప్పయ్యో ఏట, వైద్యవిద్యలో చేరాడు. 1913లో ఆఫ్రికాలోని లాంబరెనెకు వెళ్లాడు. 1965లో అక్కడే కన్నుమూశాడు. (ఆయన కతోలికుడు కాడు, అయినా చెప్పక తప్పదు.)

అయితే నేను తేలిగ్గా ఔననలేను. నాలుగున్నరేళ్ల చదువు, ఆపైన ఏడాది హౌస్ సర్జన్ పని. వానలు తప్పి వేరుశనగ పోయిన అనంతపురం ఇంట్లో అన్నాళ్లు పొయ్యి ఎవరు వెలిగించాలి? చెల్లెలి పెళ్లి ఆగాలా? ఇంటివాళ్ల త్యాగాన్ని వాళ్లను అడగకుండా ఖర్చుపెట్టేది దైవపిలుపు అనిపించుకోదు. మూడు బోర్లు ఎండినా నాలుగోదానికి అప్పుచేసే రైతును వయసెంతని మనం అడగం. ఇంట్లో చెప్పావా అని అడుగుతాం. ఆ నర్సమ్మనూ అదే అడగండి. ఇంటివాళ్లు మనసారా సరేనంటే, ఆమె చదువుకునే రాత్రుల్లో పిల్లల్ని ఎవరు చూస్తారో ఇరుగుపొరుగు కూర్చుని మాట్లాడుకోండి.